ఖజానా తాళపుచెవి ఎవరిది?
ఇంగ్లండు అంతర్యుద్ధము – కోరమండల తీరమున దాని నీడ

ఉర్దూ భాషలో అంతర్యుద్ధమును 'ఖానాజంగీ' అంటారు. ఖానా అనగా ఇల్లు. జంగ్ అనగా యుద్ధము. తెలుగులో 'ఇంటిపోరు' అన్న మాటను మనము అత్తాకోడళ్ల తగవులకు పరిమితము చేసినాము గాని, అర్థమును బట్టి చూచిన ఖానాజంగీకి అంతకన్న దగ్గరి మాట మరొకటి లేదు. మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులూ ఒకే బల్లపై కూర్చొని చదివే పాఠములలో పదునేడవ శతాబ్దపు ఇంగ్లండు ఇంటిపోరు ఒకటి. అందులో రాజుది ఒక పక్షము, పార్లమెంటుది ఒక పక్షము. 1642లో మొదలైన ఆ యుద్ధములో 1649 జనవరి 30న రాజు తల తెగినది.

ఈ పాఠము వచ్చినపుడెల్ల తరగతిలో ఒక ప్రశ్న లేచును. "రాజులను చంపుట మన దేశములో లేదా? అన్నను చంపి తమ్ముడు, తండ్రిని చెరలో పెట్టి కొడుకు సింహాసనమెక్కిన కథలు మనకు కొల్లలు గదా! ఇంగ్లండువారు ఒక రాజును చంపినంత మాత్రాన దానిని ప్రత్యేకముగా ఎందుకు చదువవలెను?" ప్రశ్న న్యాయమైనదే. పరీక్షలో వచ్చును గనుక చదువుమని చెప్పుట ఉపాధ్యాయునకు సిగ్గుచేటు. నాకు తోచినంతలో సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

ముందుగా మన ఇంటిపోరునే ఒకదానిని చూతము. 1614 అక్టోబరులో విజయనగర ప్రభువు రెండవ వేంకటపతిరాయలు వేలూరులో మరణించినాడు. తన అన్న కుమారుడైన శ్రీరంగరాయలను వారసునిగా చెప్పిపోయినాడు. కాని రాణి సోదరుడు గొబ్బూరి జగ్గరాయలు మరొక బాలుని వేంకటపతి కుమారుడని నిలబెట్టి, శ్రీరంగరాయలను కుటుంబముతో సహా చెరపట్టి చంపించినాడు. ఆ కుటుంబములో రాముడను బాలుడొక్కడు మిగిలినాడు. ఒక చాకలి అతనిని బట్టల మూటలో దాచి కోట దాటించినాడని ఆ కాలపు పోర్చుగీసు క్రైస్తవ మతాచార్యుడు బర్రాడస్ వ్రాసినాడు. వెలుగోటి యాచమనాయకుడు ఆ బాలుని పక్షము వహించినాడు. దక్షిణ దేశపు నాయకులందరూ రెండుగా చీలినారు. తిరుచిరాపల్లి సమీపమున తోపూరు వద్ద 1616–17 ప్రాంతమున జరిగిన పోరులో జగ్గరాయలు హతుడైనాడు, రామదేవరాయలు రాజైనాడు.

ఇది చిన్న యుద్ధము కాదు. విజయనగరము మరి కోలుకొనలేదనుటకు దీనిని కూడ ఒక కారణముగా చరిత్రకారులు చెప్పుదురు. కాని ఆ పోరులో అడుగబడిన ప్రశ్న ఏమి? ఎవరి బిడ్డ రాజు కావలెనన్నది ఒక్కటే. రాజు ఎవరైనను అతడు ఏమి చేయవచ్చును, ఏమి చేయకూడదు అన్న ప్రశ్న తోపూరు మైదానమునకు రానే లేదు.

అంతమాత్రమున మన ప్రజలు పన్నుల విషయమున నోరు మెదపనివారని అనుకొనరాదు. అదే విజయనగర సామ్రాజ్యములో 1429లో కావేరీ ప్రాంతమున కుడిచేతి కులములు, ఎడమచేతి కులములు అని అనాదిగా వైరము గల రెండు వర్గములూ ఒక్కటై, అధికారులు అన్యాయముగా అడిగిన పన్నులు చెల్లించబోమని కట్టుబాటు చేసికొని, దానిని శాసనములుగా రాతిపై చెక్కించినవి. పన్ను భారము హెచ్చినపుడు ఊరికి ఊరే విడిచి పోవుట మన రైతులకు ఎరుకైన ఆయుధము. లోపించినది ధైర్యము కాదు. రాజు చనిపోయినను, మారినను తాను నిలిచియుండి, ఏటేట లెక్క అడుగగలిగిన ఒక సభ లోపించినది. గ్రామసభలు ఉన్నవి, రాజ్యసభ లేదు. ఇంగ్లండులో అట్టి సభ ఒకటి పదమూడవ శతాబ్దము నుండి వచ్చుచుండెను.

ఆ సభను గొప్ప చేసి చెప్పనక్కరలేదు. అందులో ప్రభువుల సభ వంశపారంపర్యము. కామన్స్ సభకు ఓటు వేసినవారు కొంత భూమి గలవారు మాత్రమే. కూలివానికి, స్త్రీకి అందులో చోటు లేదు. రాజు పిలిచినపుడు కూడవలెను, పొమ్మన్నపుడు పోవలెను. కాని దాని చేతిలో ఒక వస్తువు ఉన్నది. కొత్త పన్ను వేయవలెనన్న రాజు ఆ సభ సమ్మతి పొందవలెను. ఖజానాకు తాళము రాజుదైనను తాళపుచెవి సభవారి మొలలో ఉండెను.

1625లో మొదటి ఛార్లెస్ రాజైనాడు. రాజాధికారము దైవదత్తమని, రాజు దేవునికి తప్ప మరెవ్వరికీ జవాబుదారి కాడని అతని తండ్రి మొదటి జేమ్స్ గ్రంథములే వ్రాసినాడు. కొడుకు దానిని మనసా నమ్మినాడు. స్వంత నడవడిలో ఛార్లెస్ దుర్మార్గుడు కాడు. భార్యాబిడ్డలయందు ప్రేమ, చిత్రకళయందు అభిరుచి కలవాడు. కాని ఇచ్చిన మాటను నిలుపుకొనవలెనన్న నియమము ప్రజల విషయమున తనకు వర్తించదనుకొన్నాడు. ఆ ఒక్క లోపము అతని ప్రాణము తీసినదని నా అభిప్రాయము.

1628లో పార్లమెంటు 'హక్కుల విజ్ఞాపన' అను పత్రమును అతని ముందుంచినది. తన సమ్మతి లేనిదే పన్ను వేయరాదు. కారణము చూపక ఎవరినీ చెరలో పెట్టరాదు. సైనికులను ప్రజల ఇండ్లలో దింపరాదు. శాంతికాలమున సైనిక చట్టము నడుపరాదు. ధనము కావలసియుండుటచే రాజు సమ్మతించినాడు. మరుసటి సంవత్సరమే పార్లమెంటును రద్దు చేసి పదకొండు సంవత్సరములు దానిని పిలువనే లేదు.

పార్లమెంటు లేక ధనమెట్లు? ఇక్కడ 'ఓడ పన్ను' కథ వచ్చును. యుద్ధ సమయములో సముద్ర తీరపు పట్టణములు నౌకలనో, వాటికి బదులు ధనమునో ఇచ్చుట పూర్వాచారము. ఛార్లెస్ 1634లో శాంతికాలముననే దానిని తీరపు పట్టణములపై వేసి, 1635లో లోపలి జిల్లాలకు కూడ విస్తరింపజేసినాడు. మన ప్రాంతపు మాటలలో చెప్పవలెనన్న, నల్లమల అడుగున గిద్దలూరు రైతును కొత్తపట్నము రేవు కావలికి డబ్బు కట్టుమన్నట్లయినది. బకింగ్‌హాంషైర్ భూస్వామి జాన్ హాంప్డెన్ తనపై వేసిన ఇరువది షిల్లింగులు కట్టనన్నాడు. అతడు కలవాడు, ఇరువది షిల్లింగులు అతనికి లెక్క కాదు. ఈనాడు ఇరువది అడిగి పుచ్చుకొన్నవాడు రేపు ఎంతైనను అడుగవచ్చునన్నదే అతని వాదము. పన్నెండుమంది న్యాయమూర్తులలో ఏడుగురు రాజు పక్షమున, ఐదుగురు హాంప్డెన్ పక్షమున తీర్పు చెప్పినారు. 1638లో రాజు గెలిచినాడు. రాజు నియమించిన న్యాయమూర్తులలోనే ఐదుగురు ఎదురు చెప్పినారన్న వార్త మాత్రము దేశమంతట ప్రాకినది.

మన రాజ్యాంగములో 265వ అధికరణమును విద్యార్థులు ఒకసారి తెరచి చూడవలెను. చట్టము ఇచ్చిన అధికారముతో తప్ప ఏ పన్నునూ విధింపరాదు, వసూలు చేయరాదని దాని సారాంశము. ఒక్క వాక్యము. దాని వెనుక హాంప్డెన్ ఇరువది షిల్లింగులు ఉన్నవి.

మిరియాల బేరము

1637లో ఛార్లెస్ స్కాట్లండు ప్రజలపై కొత్త ప్రార్థనా గ్రంథమును రుద్దబోయినాడు. వారు తిరుగబడినారు. యుద్ధమునకు ధనము లేక 1640 ఏప్రిలులో పార్లమెంటును పిలిచి, అది ఫిర్యాదులు ముందు, పన్ను తర్వాత అనగానే మూడు వారములకే పంపివేసినాడు. ఆ వేసవిలో జరిగిన ఒక బేరమును పాఠ్యపుస్తకములు సాధారణముగా చెప్పవు గాని, మన దేశపు విద్యార్థి దానిని తెలిసికొనదగును.

లండనులో ఈస్టిండియా కంపెనీ గిడ్డంగులలో తూర్పు దేశముల నుండి వచ్చిన మిరియాలు ఉన్నవి. రాజు ఆ కంపెనీ వద్ద 6,07,522 పౌన్ల తూకము మిరియాలను పౌను ఒక్కింటికి 2 షిల్లింగుల 1 పెన్నీ చొప్పున అరువుకు కొన్నాడు. మొత్తము వెల 63,283 పౌన్ల పైచిలుకు. ఆ సరకునే వెంటనే పౌను 1 షిల్లింగు 8 పెన్నీల చొప్పున రొక్కమునకు అమ్మివేసినాడు. అనగా పన్నెండున్నర వేల పౌన్లకు పైగా నష్టమునకు అమ్ముకొన్నాడన్నమాట! రొక్కము చేతికి వచ్చినది. అప్పు కంపెనీ నెత్తిన మిగిలినది. ఆ బాకీని కంపెనీ పూర్తిగా రాబట్టుకొననే లేదు. మన అంగడి వీధిలో ఏ చిన్న వర్తకుడైనను ఈ లెక్కను పలకపై వేసి చూచి, ఇట్టివాని చేతిలో దుకాణము పెట్టరాదని చెప్పగలడు.

అంతకు ముందే 1635లో కంపెనీ గుత్తాధికారమును లెక్కచేయక కోర్టీన్ అనువాని కూటమికి కూడ తూర్పు వర్తకమునకు అనుమతి ఇచ్చియుండెను ఈ రాజు. కనుక లండను వర్తకులలో పలువురు పార్లమెంటు వైపు మొగ్గినారంటే అందులో స్వాతంత్ర్యేచ్ఛతో పాటు చేదు అనుభవము కూడ కలదు. కంపెనీ పెద్దలు మాత్రము ఏ పక్షము గెలిచినను తమ వర్తకము సాగవలెనని ఇరుపక్షముల మధ్య జాగ్రత్తగా మెలిగినారు.

మిరియాల ధనము చాలలేదు. 1640 నవంబరు 3న మరల పార్లమెంటును పిలువక తప్పలేదు. ఇదియే చరిత్రలో 'దీర్ఘ పార్లమెంటు'. రాజు ప్రధాన సలహాదారు స్ట్రాఫర్డుకు మరణశిక్ష విధించినది. ఓడ పన్ను రద్దు చేసినది. రాజు ఇష్టానుసారము శిక్షలు వేయుచుండిన ప్రత్యేక న్యాయస్థానమును ఎత్తివేసినది. తన సమ్మతి లేనిదే తనను రద్దు చేయరాదని చట్టము చేసినది. అంతవరకు సభ దాదాపు ఏకముగా నడచినది. 1641 అక్టోబరులో ఐర్లండులో తిరుగుబాటు లేచినపుడు సమస్య వచ్చినది. దానిని అణచుటకు సైన్యము కావలెను. ఆ సైన్యము ఎవరి అధీనములో ఉండవలెను? నవంబరులో రాజు తప్పులన్నిటినీ ఏకరువు పెట్టిన 'మహా నివేదన' 159 ఓట్లకు 148 ఓట్లతో మాత్రమే నెగ్గినది. పదకొండు ఓట్ల తేడా! సభ సగమునకు చీలినది. రాజు ఓపిక పట్టియున్న యెడల ఆ చీలికయే అతనిని రక్షించెడిది.

అతడు ఓపిక పట్టలేదు. 1642 జనవరి 4న సాయుధులైన భటులను వెంటబెట్టుకొని కామన్స్ సభలోనికి స్వయముగా నడచి వచ్చినాడు. ఐదుగురు సభ్యులను రాజద్రోహ నేరముపై పట్టుకొనుట అతని ఉద్దేశము. వారిలో హాంప్డెన్ ఒకడు. ముందే కబురు తెలిసి ఐదుగురూ పడవపై తప్పించుకొనిపోయినారు. సభాపతి ఆసనము వద్ద నిలిచి, వారెక్కడ అని రాజు అడిగినాడు. సభాపతి విలియం లెంథాల్ మోకాళ్లపై వ్రాలి, సభ ఆజ్ఞ లేనిదే చూచుటకు తనకు కన్నులు గాని, పలుకుటకు నాలుక గాని లేవని విన్నవించినాడు. లెంథాల్ పెద్ద వీరుడేమియు కాడు. తరువాతి జీవితములో గాలివాటు మనిషి అనిపించుకొన్నాడు. ఆ ఒక్క క్షణమున మోకాళ్లపై ఉండియే ఆ మాట అనగలిగినాడు. నన్నడిగిన, ఈ మొత్తము చరిత్రలో నేను విద్యార్థులకు రెండుసార్లు చెప్పు ఘట్టమిదే. వారము దినములలో రాజు లండను విడిచినాడు. ఆగస్టు 22న నాటింగ్‌హాంలో యుద్ధధ్వజమెత్తినాడు.

యుద్ధము

యుద్ధక్రమమును ఇక్కడ విస్తరించి వ్రాయను; అది పుస్తకములలో దొరుకును. లండను, రేవులు, నౌకాదళము, ఆగ్నేయ ప్రాంతములు పార్లమెంటు చేతిలోను, ఉత్తర పశ్చిమ ప్రాంతములు అధికముగా రాజు చేతిలోను ఉండెను. 1642 అక్టోబరు 23న ఎడ్జ్‌హిల్ వద్ద జరిగిన మొదటి పెద్ద పోరులో ఎవరూ గెలువలేదు. 1643లో హాంప్డెన్ యుద్ధములో గాయపడి మరణించినాడు. 1644 జూలై 2న మార్స్టన్ మూర్ వద్ద, 1645 జూన్ 14న నేస్బీ వద్ద రాజు ఓడినాడు. ఈ విజయములకు కారకుడు ఆలివర్ క్రామ్వెల్. జననమును బట్టి గాక సామర్థ్యమును బట్టి అధికారులను ఎన్నుకొని, క్రమముగా జీతమిచ్చి నడపిన 'నూతన సైన్యము' 1645లో ఏర్పడినది. 1646లో రాజు స్కాట్లకు లొంగినాడు. వారు మరుసటి సంవత్సరారంభమున అతనిని పార్లమెంటుకు అప్పగించినారు.

ధనికులొకవైపు, పేదలొకవైపు నిలిచి పోరినారనుకొనుట పొరపాటు. ప్రభువులలో పార్లమెంటు పక్షమువారు ఉన్నారు, రైతులలో రాజభక్తులున్నారు. ఒకే ఇంట తండ్రి ఒకవైపు, కొడుకు ఒకవైపు నిలిచిన ఉదాహరణలు పెక్కు. నిజముగా ఖానాజంగీయే. ఇంగ్లండు, వేల్సులలో యుద్ధము వలనను, దాని వెంట వచ్చిన రోగముల వలనను సుమారు రెండు లక్షలమంది మరణించియుందురని చరిత్రకారుల అంచనా.

ఎడ్జ్‌హిల్ పోరు జరిగిన 1642 అక్టోబరు మాసములోనే మన దేశమున విజయనగరపు చివరి చెప్పుకోదగ్గ ప్రభువు మూడవ శ్రీరంగరాయలు రాజ్యమునకు వచ్చినాడన్నది గుర్తుంచుకొనదగినది. నేస్బీ సంవత్సరమైన 1645లో ఆయన ఇంగ్లీషువారికి చెన్నపట్నపు దానమును స్థిరపరచినాడు. ఆ ప్రక్కనే గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా తూర్పు కర్ణాటకమును జయించుకొనుచు వచ్చి 1650లో గండికోటను పట్టినాడు. ఇరాను నుండి వచ్చి వజ్రాల వ్యాపారముతో పైకి వచ్చిన ఈ సేనాని తన సుల్తానుకే భయము కలిగించునంతవాడైనాడు. 1655లో సుల్తాను అతని కుమారుని చెరపట్టగా, అతడు ఔరంగజేబు పంచన చేరి మొగలు సైన్యమును గోల్కొండ మీదికి రప్పించినాడు. ఇదియు రాజునకు, అతని సేవకునకు మధ్య పోరే. అందులోను సభ లేదు. లెక్క అడిగినవారు లేరు. గెలిచినవాడు కోటను పట్టినాడు.

ఇంగ్లండులో గెలిచిన సైన్యము లెక్క అడిగినది. 1647 అక్టోబరు చివరన లండను సమీపమున పట్నీ గ్రామపు చర్చిలో సైనికుల ప్రతినిధులు, అధికారులు కూర్చొని, రేపటి రాజ్యములో ఓటు ఎవరికుండవలెనని దినముల తరబడి వాదించినారు. ఎంత నిరుపేదయైనను ధనికునివలె అతనికి కూడ బ్రతుకొకటి ఉన్నది గనుక, తన సమ్మతి లేని ప్రభుత్వమునకు అతడు బద్ధుడు కాడని కల్నల్ రెయిన్స్‌బరో వాదము. ఆస్తి లేనివానికి ఓటిచ్చిన ఆస్తియే ఉండదని క్రామ్వెల్ అల్లుడు ఐర్టన్ సమాధానము. నాడు ఐర్టన్ మాటే చెల్లినది. ఇంగ్లండులో స్త్రీపురుషులకు సమానముగా ఓటు వచ్చుటకు 1928 వరకు ఆగవలసివచ్చినది. మన దేశములో 1951–52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలోనే, చదువు, ఆస్తి, స్త్రీ, పురుషుడు అన్న భేదము లేక ఇరువదియొక్క సంవత్సరములు నిండిన ప్రతివారికీ ఓటు లభించినది.

చెరలో ఉండియే ఛార్లెస్ స్కాట్లతో రహస్య ఒప్పందము చేసికొని 1648లో రెండవసారి యుద్ధము తెచ్చినాడు. సైన్యము సహనము కోల్పోయినది. 1648 డిసెంబరు 6న కల్నల్ ప్రైడ్ సభాద్వారమున సైనికులతో నిలిచి, రాజుతో రాజీ కోరు సభ్యులను లోనికి రానీయలేదు. మిగిలినవారు రాజును విచారించుటకు 135 మందితో న్యాయసభను ఏర్పరచినారు. వారిలో సగముమంది విచారణకు వచ్చియుండలేదు. ఏ అధికారముతో నన్ను విచారింతురని రాజు అడిగినాడు. ఆ ప్రశ్నకు వారు సరియైన సమాధానము చెప్పలేకపోయినారు. ఎందుకనగా ఎన్నికైన సభను కత్తితో వడగట్టిన తరువాత మిగిలిన శేషము ప్రజల పేర మాటలాడుట కష్టమే. 59 మంది మరణశాసనముపై సంతకము చేసినారు. ఆ ఉదయము చలి తీవ్రముగా ఉండుటచే, వణకిన భయమని జనమనుకొందురని రాజు రెండు చొక్కాలు తొడిగికొని వధ్యశిల వద్దకు వచ్చినాడు. జీవితమంతయు తప్పులు చేసినవాడు మరణమున తప్పు చేయలేదు.

తోపూరుకు, దీనికి భేదము ఇచట కన్పట్టును. శ్రీరంగరాయలను చెరలో రహస్యముగా చంపినారు. ఛార్లెస్‌ను పట్టపగలు, నేరారోపణ చదివి, అతని మాట విని, తీర్పు వ్రాసి, సంతకములు పెట్టి చంపినారు. న్యాయము లోపభూయిష్టమైనదే కావచ్చును. కాని రాజు కూడ చట్టము ముందు నిలువవలసినవాడే అన్న మాట దానితో లోకమునకు వినబడినది.

తరువాతి కథ పార్లమెంటు అభిమానులకు మింగుడుపడనిది. రాజు వేసిన ఓడ పన్ను కన్న, పార్లమెంటు 1643లో నిత్యావసర సరకులపై వేసిన ఎక్సైజు సుంకము జనమును ఎక్కువ బాధించినది. 1649లో క్రామ్వెల్ ఐర్లండులో డ్రోగెడా, వెక్స్‌ఫర్డు పట్టణములలో సాగించిన ఊచకోతను ఐరిష్ ప్రజలు నేటికీ మరువలేదు. 1653 ఏప్రిల్ 20న ఆ క్రామ్వెలే తుపాకులు పట్టిన సైనికులతో వచ్చి పార్లమెంటును వెళ్లగొట్టినాడు. ఛార్లెస్ చేయబోయి చేయలేనిది అతడు చేసి చూపినాడు. 1658లో అతడు మరణించగా, 1660లో చచ్చిన రాజు కొడుకునే పిలిచి సింహాసనముపై కూర్చుండబెట్టినారు.

చెన్నపట్నపు కోటలో

ఈ ఇంటిపోరు పొగ మన తీరము వరకు వచ్చినదని తెలిసినవారు కొద్దిమంది. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నమున వర్తకస్థానము పెట్టినారు. 1632లో గోల్కొండ సుల్తాను వారికి ఫర్మానా ఇచ్చినాడు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని వద్ద చెన్నపట్నపు స్థలము సంపాదించి మరుసటి సంవత్సరము కోట కట్టుట ఆరంభించినారు. బేరి తిమ్మన్న, కాసి వీరన్న వంటి తెలుగు వర్తకులు వారికి బట్టలు సమకూర్చిన ప్రముఖులు.

సర్ ఎడ్వర్డ్ వింటర్ బాల్యముననే ఈ దేశమునకు వచ్చి మచిలీపట్నములో కంపెనీ పెద్దగా పనిచేసినవాడు. 1662లో సెయింట్ జార్జి కోటకు ఏజెంటైనాడు. స్వంత వ్యాపారము చేసికొని కంపెనీ సొమ్మును నష్టపరచుచున్నాడన్న అనుమానముతో కంపెనీ 1665లో జార్జి ఫాక్స్‌క్రాఫ్ట్ అను లండను వర్తకుని అతని స్థానమున పంపినది. ఫాక్స్‌క్రాఫ్ట్ పాత పార్లమెంటు పక్షపు భావములవాడని పేరు. వింటర్ రెండవ స్థానమునకు దిగవలసివచ్చినది. పైగా కొత్త అధికారి లెక్కలు తిరగవేయుటకు పూనుకొన్నాడు.

1665 సెప్టెంబరు 16న వింటర్ కోటలోని సైనికులను తన వైపు త్రిప్పుకొని ఫాక్స్‌క్రాఫ్ట్‌ను బంధించినాడు. ఘర్షణలో డావ్స్ అను కంపెనీ ఉద్యోగి ప్రాణము కోల్పోయినాడు. నేరమేమి? ఫాక్స్‌క్రాఫ్ట్, అతని కుమారుడు సంభాషణలో రాజును ధిక్కరించు మాటలాడినారట! వింటర్ రాజునకే లేఖలు వ్రాసి తాను రాజభక్తితో ఈ పని చేసితినని చెప్పుకొన్నాడు. అప్పుడు హాలండుతో యుద్ధము నడచుచుండెను. ఓడలు రాకపోకలు కష్టము. మూడు సంవత్సరములు వింటర్ కోటను ఏలినాడు. ఫాక్స్‌క్రాఫ్ట్ చెరలో ఉన్నాడు. 1668 ఆగస్టులో ఇంగ్లండు నుండి ఓడలు రాజు ఆజ్ఞాపత్రముతోనే వచ్చినపుడు గాని వింటర్ కోట విడువలేదు. ఫాక్స్‌క్రాఫ్ట్ మరల అధికారము వహించి 1672 వరకు ఉన్నాడు. వింటర్‌కు పెద్ద శిక్ష ఏమియు పడలేదు. అతడు 1686లో ఇంగ్లండులో మరణించినాడు. లండనులోని బాటర్సీ చర్చిలో అతని స్మారకఫలకముపై పులితో పోరాడుచున్నట్లు బొమ్మ కలదు.

రాజభక్తి పేర జరిగిన ఈ తిరుగుబాటు మూలమును చూడుడు. వచ్చినవాడు లెక్క అడిగినాడు. ఉన్నవాడు లెక్క చెప్పనన్నాడు. వెస్ట్‌మినిస్టరులో ఇరువదియైదు సంవత్సరములు ముందు జరిగినది చెన్నపట్నపు కోటలో బొమ్మలాటవలె మరల జరిగినది. కోట బయట మగ్గముల వద్దనున్న తెలుగు నేతగానికి ఇందులో ఏ పక్షము గెలిచినను కూలి మారలేదు.

1689లో ఇంగ్లండు హక్కుల చట్టము, పార్లమెంటు సమ్మతి లేక రాజు ధనము వసూలు చేయుట చట్టవిరుద్ధమని శాశ్వతముగా వ్రాసినది. అక్కడికి పాఠ్యపుస్తకము ముగియును. మన ప్రాంతపు విద్యార్థి మరికొంత చదువవలెను. 1800 అక్టోబరు 12న నిజాము ఒక ఒప్పందము ద్వారా దత్తమండలములను కంపెనీకి ఇచ్చివేసినాడు. కంభము సీమ అందులోనిదే. ఆ ఒప్పందము చేసికొన్న రెండు పక్షములలో ఏ ఒక్కటియు కంభము చెరువు క్రింది రైతు సమ్మతిని అడుగలేదు. తమ ఇరువది షిల్లింగులకై రాజుతో పోరిన జాతి ఇచట సమ్మతి ప్రసక్తి లేకయే శిస్తు కట్టించుకొన్నది. 1858లో కంభము, మార్కాపురము తాలూకాలు కడప నుండి కర్నూలు జిల్లాలో చేర్చబడినవి. 1970 ఫిబ్రవరి 2న మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోనికి వచ్చినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము పేరు పెట్టినారు.

ఆ జిల్లా ఏర్పడినపుడు మన తాలూకాలతో పాటు గుంటూరు నుండి వచ్చి చేరిన చీరాలలో అంతకు అర్ధశతాబ్ది ముందు హాంప్డెన్ ప్రశ్నయే లేచియుండెను. ప్రజలు వద్దనుచున్నను చీరాల, పేరాలలను మునిసిపాలిటీ చేసినారు. నాలుగు వేల రూపాయల ప్రాంతమున ఉండిన పన్ను నలుబది వేలకు పెరిగినది. నేత పనివారు, చిన్న వర్తకులు పన్ను కట్టక జైళ్లకు పోయినారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున వేలమంది, ముసలివారు పసిపిల్లలతో సహా, పట్టణమును విడిచి ఎల్లకు ఆవల పాకలు వేసికొని రామనగరమను ఊరు కట్టుకొన్నారు. అచట తమ సభను తామే ఎన్నుకొని, తమ తగవులు తామే తీర్చుకొన్నారు. ఎండలకు, వానలకు ఓర్చి పదకొండు మాసములు ఉన్నారు. గోపాలకృష్ణయ్యను చెరలో పెట్టిన తరువాత, ధనము చాలక, రోగములు ప్రబలి, తిరిగి ఇండ్లకు వచ్చినారు. మునిసిపాలిటీ నిలిచినది. 1638 నాటి తీర్పులో హాంప్డెన్ కూడ ఓడినవాడే.